హీబ్రూ అంకెలు: రెండు మాత్రలకి ‘ష్నే’, రెండు చుక్కలకి ‘ష్తే’... ఎలా గుర్తుపెట్టుకోవాలి?

కోనసీమ_అమ్మాయి
అందరికీ నమస్కారం. నేను రమత్‌గాన్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను, వచ్చి నాలుగు నెలలైంది. నేను చూసుకునే సవ్తాకి (ఇక్కడ నాయనమ్మనీ అమ్మమ్మనీ ఇలాగే పిలుస్తారు కదా) 86 ఏళ్లు. మనిషి చాలా మంచిది, కానీ నా ప్రతి మాటా సరిదిద్దుతుంది. రోజూ పొద్దున్నే ఆవిడకి రెండు మాత్రలు ఇవ్వాలి, తర్వాత కళ్లల్లో రెండేసి చుక్కలు మందు వెయ్యాలి. మాత్రలు అరచేతిలో పెట్టి "ష్తే కదూరిమ్" అంటాను, వెంటనే "లో, లో (కాదు, కాదు), ష్నే కదూరిమ్" అంటుంది. సరే అని గుర్తుపెట్టుకుని, ఐదు నిమిషాల తర్వాత చుక్కలు వేస్తూ "ష్నే తిపోత్" అంటే మళ్లీ "లో! ష్తే తిపోత్" అంటుంది. అదీ రెండే, ఇదీ రెండే కదా, ఎందుకు మారింది?

ముందు నేనేమనుకున్నానంటే, "నాకు కావాలి" అనడానికి ఆడవాళ్లయితే "అని రొత్సా", మగవాళ్లయితే "అని రొత్సె" అంటారు కాబట్టి అంకెలు కూడా అంతేనేమో, నేను ఆడదాన్ని కాబట్టి ఎప్పుడూ ఆడ అంకెలే వాడాలేమో అని. అది కాదని ఇప్పుడు తెలిసింది. ఆడ అంకెలవీ మగ అంకెలవీ రెండు లిస్టులూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను, బట్టీ కూడా వచ్చేసింది, కానీ మాట్లాడేటప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో తట్టదు. నోరు తెరవాలంటేనే టెన్షన్. మీరంతా ఎలా నేర్చుకున్నారో చెప్పండి.

హైఫా_అక్క
చెల్లీ, భయపడకు, పదకొండేళ్ల క్రితం నేనూ ఇలాగే ఏడ్చాను. నువ్వు చేసిన పనిలో ఒకటే మార్చుకోవాలి, రెండు లిస్టులూ ఒకేసారి నేర్చుకోవద్దు. ముందు ఆడ లిస్టు ఒక్కటే తీసుకో: అఖత్, ష్తాయిమ్, షలోష్, అర్బా, ఖమేష్, షేష్, షెవా, ష్మోనె, తేషా, ఎసెర్. వస్తువు పేరు చెప్పకుండా ఉత్తినే లెక్కపెట్టేటప్పుడు ఇక్కడ అందరూ వాడేది ఇదే. ఫోన్ నంబరు, బస్సు నంబరు, ఇంటి నంబరు, లిఫ్టులో అంతస్తు నంబరు, టైము, అన్నిటికీ ఇదే. ఐదో నంబరు బస్సు అంటే "కావ్ ఖమేష్". అంబులెన్సు 101 అంటే "మెయా వె-అఖత్". అంటే నీ రోజువారీ పనుల్లో సగానికి సగం ఈ ఒక్క లిస్టుతో గడిచిపోతుంది. ఒక నెల ఇదే నలగనీ, నిద్రలో లేపినా రావాలి.

ఇరవై, ముప్ఫై, నలభై వీటికి ఆడా మగా తేడా లేదు. ఎస్రిమ్, ష్లోషిమ్, అర్బాఇమ్, ఖమిషిమ్, షిషిమ్, షివ్‌ఇమ్, ష్మోనిమ్, తిష్‌ఇమ్. నీ పనికి బీపీ చెప్పడం ముఖ్యం కదా, 130 / 80 వస్తే "మెయా ష్లోషిమ్ అల్ ష్మోనిమ్" అంటే నర్సుకి అర్థమైపోతుంది. 137 వస్తే చివర "వె-షెవా" చేర్చు, అంతే, అక్కడా ఆడదే.

సవ్తా వయసు కూడా చూడు. "బత్ ష్మోనిమ్ వె-షేష్" అంటాం. తాతయ్యకి 86 ఏళ్లయినా "బెన్ ష్మోనిమ్ వె-షేష్" అనే అంటాం, షేష్ మారదు, ఎందుకంటే అక్కడ లెక్కపెడుతున్నది మనిషిని కాదు, సంవత్సరాలని. ‘షనా’ స్త్రీలింగం. ఈ ఒక్క మాట బుర్రలోకి ఎక్కితే నీ సమస్య సగం తీరినట్టే. మాట్లాడేవాళ్లు ఎవరన్నది కాదు, ఎవరి గురించి మాట్లాడుతున్నామన్నది కూడా కాదు, లెక్కపెట్టే వస్తువు ఏ లింగం అన్నదే లెక్క.

జగిత్యాల_అన్న
నేను టెల్ అవీవ్‌ల ఉంటాను. అక్క చెప్పింది కరెక్టే కానీ నేను ఇంకో మాట చెప్తా. ఆ మగ లిస్టు జోలికి పోకు చెల్లె. కార్మెల్ మార్కెట్‌కి పోయి నిలబడు, కూరగాయలు అమ్మేటోళ్లు ఏమని అరుస్తున్నరో విను. "షలోష్ బె-ఎసెర్!" అంటరు, పదికి మూడు అని. "ఎసెర్ షెకెల్" అంటరు (షెకెల్ అంటే ఇక్కడి డబ్బు), "ఖమేష్ షెకెల్" అంటరు. షెకెల్ పుంలింగం, పుస్తకం ప్రకారం "అసారా ష్కలిమ్" అనాలె, ఎవరంటున్నరు? ఇక్కడ పుట్టినోళ్లే అనడం లేదు. అన్నిటికీ ఆడ అంకె వాడితే అందరికీ అర్థమైతది. నేను ఆరేళ్ల సంది గట్లనే నడిపిస్తున్న.

హైఫా_అక్క
అన్నా, బజారులో అర్థమవుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ అమ్మాయి పని ఇంట్లో, ఒక పెద్దావిడ దగ్గర. ఆ తరం వాళ్లకి భాష మీద ఎంత పట్టింపో మీకు తెలియనిది కాదు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఏ పోలండ్ నుంచో రొమేనియా నుంచో మొరాకో నుంచో వచ్చి, ఉల్పాన్‌లో (కొత్తగా వచ్చినవాళ్లకి హీబ్రూ నేర్పే బడి) కూర్చుని కష్టపడి ఈ భాష నేర్చుకున్నవాళ్లు. తప్పు మాట్లాడితే వాళ్లకి చెవిలో గుచ్చుకుంటుంది. ఆవిడ సరిదిద్దుతోందంటే నువ్వు నేర్చుకోగలవని నమ్ముతోందన్నమాట, అది వదులుకోవద్దు.

కువైట్_రిటర్న్
నేను ఇజ్రాయెల్ వెళ్లలేదు, పదిహేడేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చాను. అరబ్బీలో కూడా ఇదే గొడవ. మాట్లాడే అరబ్బీలో పెద్దగా పట్టించుకోరు గానీ పుస్తకాల అరబ్బీలో ముగ్గురు మగవాళ్లంటే "థలాథతు రిజాల్", ముగ్గురు ఆడవాళ్లంటే "థలాథు నిసా". చూశారా, మగవాళ్లకేమో పొడుగు అంకె, ఆడవాళ్లకేమో పొట్టి అంకె. హీబ్రూలో కూడా ఇలాగే తిరగబడి ఉంటుందా?

పాత_నిబంధన
అవును బ్రదర్, అచ్చం అలాగే. నేను వేదాంత కళాశాలలో పిల్లలకి హీబ్రూ చెబుతాను, ప్రతి ఏడూ ఈ పాఠం దగ్గరే అందరూ ఆగిపోతారు. హీబ్రూలో మామూలుగా ‘ఆ’తో ముగిసే మాట స్త్రీలింగం. యెలెద్ అంటే అబ్బాయి, యల్దా అంటే అమ్మాయి. కానీ మూడు నుంచి పది దాకా అంకెల్లో మాత్రం ‘ఆ’ ఉన్నది పుంలింగానికి వెళ్తుంది. ష్లోషా, అర్బాఆ, ఖమిషా, షిషా, షివ్‌ఆ, ష్మోనా, తిష్‌ఆ, అసారా, ఇవన్నీ మగ అంకెలు. ఎందుకలా తిరగబడిందన్న దాని మీద పండితులు రకరకాలుగా చెబుతారు, అందరూ ఒప్పుకున్న కారణం లేదు. అరబ్బీలో, పాత అక్కాడియన్‌లో, అరమేయిక్‌లో కూడా ఇదే పద్ధతి ఉంది కాబట్టి ఇది ఈ భాషలన్నిటికీ ఉమ్మడిగా వచ్చిన చాలా పాత అలవాటు.

నేను క్లాసులో బోర్డు మీద రాసేది ఒకే ఒక్క వచనం, యోబు 1:2. మన తెలుగు బైబిల్లో ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు అని ఉంటుంది. హీబ్రూలో అది "షివ్‌ఆ బనిమ్ వె-షాలోష్ బనోత్". ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయి. కొడుకుల దగ్గర ‘ఆ’ ఉన్న షివ్‌ఆ, కూతుళ్ల దగ్గర ‘ఆ’ లేని షాలోష్. ఆ అమ్మాయి రెండు లిస్టులు బట్టీ పట్టే బదులు ఈ ఒక్క వాక్యం నోటికి నేర్చుకుంటే, సందేహం వచ్చినప్పుడల్లా కొడుకుల వరసా కూతుళ్ల వరసా అని దానితో పోల్చి చూసుకోవచ్చు.

కోనసీమ_అమ్మాయి
అయ్యగారూ, ఇది నాకు బాగా ఎక్కింది. మా ఇంట్లో యోబు గ్రంథం మా నాన్నగారు పైకి చదివేవారు. అయితే ఒక డౌటు. బనిమ్, బనోత్ లాగా చివర ‘ఇమ్’ వస్తే మగ, ‘ఓత్’ వస్తే ఆడ అని పెట్టుకోవచ్చా? కదూరిమ్ మగ, తిపోత్ ఆడ, సరిగ్గా సరిపోయింది కదా.

జగిత్యాల_అన్న
అదే రూలు చెల్లె. వారాలు "షవూఓత్" కదా, ‘ఓత్’ ఉంది కాబట్టి ఆడది, "షలోష్ షవూఓత్".

బీర్షెవా_పోస్ట్‌డాక్
అన్నా, అక్కడే అందరూ పడిపోయేది. షవూఆ అంటే వారం, పుంలింగం. బహువచనం షవూఓత్ అయినా "ష్లోషా షవూఓత్" అనే అనాలి. ‘ఇమ్’, ‘ఓత్’ చాలా చోట్ల పనికొస్తాయి కానీ వాటినే నమ్ముకుంటే ఇంట్లో వాడే మాటలే దెబ్బతీస్తాయి. షుల్ఖాన్ అంటే బల్ల, పుంలింగం, బహువచనం షుల్ఖనోత్. లైలా అంటే రాత్రి, అదీ పుంలింగమే, లేలోత్. ఇటువైపు చూస్తే గుడ్డు ‘బెయిత్సా’ స్త్రీలింగం, బహువచనం బెయిత్సిమ్, కాబట్టి "షలోష్ బెయిత్సిమ్". సంవత్సరం ‘షనా’, బహువచనం షనిమ్, "షలోష్ షనిమ్". ఆడవాళ్లు ‘నషిమ్’, అది స్త్రీలింగం కాకుండా ఎలా పోతుంది, "షలోష్ నషిమ్".

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ యూదుల పండగ పస్కా రాత్రి భోజనాల దగ్గర పాడే లెక్కల పాటలో ఉంది, ఒకటి నుంచి పదమూడు దాకా లెక్కపెడుతూ పోతారు. మూడు అంటే "ష్లోషా అవోత్", ముగ్గురు తండ్రులు, అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. నాలుగు అంటే "అర్బా ఇమహోత్", నలుగురు తల్లులు, శారా, రిబ్కా, రాహేలు, లేయా. చూడండి, అవోత్‌కీ ఇమహోత్‌కీ చివర ఒకటే ‘ఓత్’. తండ్రులా తల్లులా అన్నది ఆ తోక చెప్పడం లేదు, ముందున్న అంకె చెబుతోంది. ఆ పాట మొత్తంలో ఆడ అంకె వచ్చేది ఆ తల్లుల దగ్గర ఒక్కచోటే. మా ల్యాబ్‌లో ఒకాయన మమ్మల్ని పస్కాకి ఇంటికి పిలిచినప్పుడు విన్నాను, ఆయన ఐదేళ్ల మనవరాలు బల్ల మీద చెయ్యి కొడుతూ పాడింది, ఒక్కచోట కూడా తడబడలేదు. ఆ పిల్ల ఏ పట్టికా చదవలేదు. అంకెనీ పేరునీ కలిపి ఒకే ముక్కగా విన్నది, అలాగే నోట్లో నిలిచిపోయింది.

అందుకే నేను చెప్పేది, లిస్టులు ఫ్రిజ్ మీద నుంచి తీసెయ్యండి. అంకె ఒకచోట, వస్తువు ఒకచోట నేర్చుకుంటే మాట్లాడే క్షణంలో రెండిటినీ అతికించాలి, అందుకు టైము ఉండదు. వస్తువు నేర్చుకున్నప్పుడే దాని ముందు అంకె తగిలించి నేర్చుకోండి. మాత్ర అంటే ‘కదూర్’ అని కాదు, "ష్నే కదూరిమ్" అని. గుడ్డు అంటే "ష్తే బెయిత్సిమ్" అని.

తెలుగు_మాస్టారు
రిటైరైన తెలుగు టీచర్ని. హీబ్రూ నాకు రాదు, కానీ మీరు చెప్పుకుంటున్నది చదువుతుంటే ఒక సంగతి చెప్పాలనిపించింది. అమ్మా, అంకె మారడం నీకు కొత్త కాదు. నువ్వు నాలుగు కుర్చీలు అంటావు, నలుగురు పిల్లలు అంటావు. నాలుగు పిల్లలు అంటే మేకపిల్లల గురించో పిల్లికూనల గురించో అనుకుంటాం. మూడు, ముగ్గురు, ఐదు, ఐదుగురు, ఈ మార్పు నీకు ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు. ‘ముగ్గురు’ అన్న మాట నీ చెవికి మనుషులతో కలిసే వచ్చింది. మన భాషలో మనిషా కాదా అని చూస్తాం, వాళ్ల భాషలో ఆడా మగా అని చూస్తారు, తేడా అంతే. సంస్కృతంలో అయితే నాలుగు దాకా లింగం మారుతుంది, మగవాళ్లకి చత్వారః, ఆడవాళ్లకి చతస్రః, నపుంసకానికి చత్వారి, ఐదు నుంచి పంచ అన్నిటికీ ఒకటే.

ఇందాక జగిత్యాల బాబు అన్నది కూడా నిజమే, వాడుకలో ఇవి పోతుంటాయి. ఎనమండుగురు, తొమ్మండుగురు అనేవాళ్లు ఇప్పుడు ఎంతమంది? ఎనిమిది మంది, తొమ్మిది మంది అంటున్నాం, తప్పేం కాదు. కానీ ఈ మధ్య పిల్లలు "మూడు మంది వచ్చారు" అంటే ఇంట్లో పెద్దవాళ్లు అక్కడికక్కడే "ముగ్గురు అనాలమ్మా" అని ఆపుతారు. మీ సవ్తాగారు చేస్తున్నది అదే. ఆవిడ నీ తప్పు పట్టడం లేదు, ఇంట్లో పిల్లని దిద్దినట్టు దిద్దుతోంది.

బీర్షెవా_పోస్ట్‌డాక్
మాస్టారూ, మీరు చెప్పినదానికి ఇంకో పోలిక ఉంది. మనం ‘ఇద్దరం’, ‘ముగ్గురం’ అని ఒకే మాటలో అంటాం కదా, ఇంగ్లీషులో దానికి మూడు నాలుగు మాటలు కావాలి. హీబ్రూలో మనలాగే ఒకే మాట. ‘ష్నేయ్‌ను’ అంటే మనిద్దరం, ‘ష్లోష్తేను’ అంటే మన ముగ్గురం. నేను ఇది నేర్చుకున్నరోజు చాలా సంతోషపడ్డాను.

నేనుండే ఊరి పేరులో కూడా అంకె ఉంది. బెయేర్ షెవా, తెలుగు బైబిల్లో బెయేర్షెబా. ‘బెయేర్’ అంటే బావి, ‘షెవా’ అంటే ఏడు, ప్రమాణం చేయడం అన్న అర్థం కూడా ఆ ధాతువుకి ఉంది. ఆదికాండం 21లో అబ్రాహాము ఏడు ఆడ గొర్రెపిల్లల్ని వేరుగా నిలబెడతాడు, "షెవా కివ్సోత్". ఆడ గొర్రెలు కాబట్టి షెవా.

పాత_నిబంధన
చక్కగా గుర్తుచేశారు. రేపటి క్లాసులో యోబు పక్కన ఇది కూడా రాస్తాను.

కువైట్_రిటర్న్
ఒకటికి కూడా ఇలాగే ముందు పెడతారా? అరబ్బీలో ఒకటి వెనకాల వస్తుంది.

హైఫా_అక్క
ఇక్కడా వెనకాలే. "కదూర్ ఎఖాద్", "తిపా అఖత్". ఒకటి ఒక్కటే వెనక, రెండు నుంచి అన్నీ ముందు. రెండుకి ఇంకో తిరకాసు ఏంటంటే ఒంటరిగా చెబితే ష్నాయిమ్, ష్తాయిమ్, వస్తువు ముందు పెడితే పొట్టి అయిపోయి ష్నే, ష్తే. ఒంటరి మాటని తీసుకెళ్లి "ష్తాయిమ్ తిపోత్" అంటే అది కూడా సవ్తా దిద్దుతుంది, ముందే చెబుతున్నాను. రెండు రోజులకి, రెండు వారాలకి, రెండేళ్లకి అయితే అంకె కూడా అక్కర్లేదు, యోమాయిమ్, ష్వూఆయిమ్, ష్నతాయిమ్ అని మాటలోనే రెండు ఉంటుంది.

పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కూడా జతలే. ఆడకి చివర ‘ఎస్రె’, మగకి ‘అసార్’. పన్నెండు గుడ్లు "ష్తేమ్ ఎస్రె బెయిత్సిమ్", పన్నెండు మాత్రలు "ష్నేమ్ అసార్ కదూరిమ్". నువ్వు ఎక్కువగా వాడేది గుడ్లూ టైమూ కాబట్టి ముందు ఎస్రె నేర్చుకో.

ఒక హెచ్చరిక. టైము అంతా ఆడదే అన్నాను కదా, గంటా స్త్రీలింగమే, నిమిషమూ స్త్రీలింగమే, అయినా "ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ" అనడానికి వీళ్లు "అసారా లె-ష్మోనె" అంటారు. అసారా మగ అంకె! "ఖమిషా లె-ష్మోనె" కూడా అంతే. దాన్ని తర్కంతో నేర్చుకోలేం, విన్నది విన్నట్టు పట్టుకోవాలి. సవ్తా ఫిజియోథెరపీ "అసారా లె-ష్మోనె"కి అని చెబితే పది గంటలకి అనుకోకు, పొద్దున్న ఏడూ యాభైకి రెడీ చెయ్యాలి. నా మొదటి ఏడాది అలా అనుకుని ఒక అపాయింట్‌మెంట్ పోగొట్టాను, పాపం ఆ పెద్దాయన మళ్లీ మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జగిత్యాల_అన్న
షవూఓత్ సంగతి నాకు ఇన్నేళ్లకి తెలిసింది, థ్యాంక్స్ తమ్మీ. అయితే డబ్బు సంగతి కూడా చెప్పు. జీతం మాట్లాడేటప్పుడు వేలల్ల ఏది వాడాలె? నేను "షలోష్ ఎలెఫ్" అంటే ఓనర్ కొడుకు ఏదో సరిచేసిండు.

బీర్షెవా_పోస్ట్‌డాక్
వెయ్యి ‘ఎలెఫ్’ పుంలింగం అన్నా, రెండు వేలు అల్పాయిమ్, మూడు వేల నుంచి ష్లోషెత్ అలఫిమ్, అర్బాఅత్ అలఫిమ్, ఖమేషెత్ అలఫిమ్. ‘ఆ’ పోయి ‘త్’ వస్తుంది. వంద ‘మెయా’ మాత్రం స్త్రీలింగం, రెండొందలు మాతాయిమ్, మూడొందలు ష్లోష్ మెయోత్. కూరగాయల దగ్గర ఎలా అన్నా నడుస్తుంది కానీ, జీతం, కాంట్రాక్టు, వీసా ఆఫీసు దగ్గర ఇవి సరిగ్గా చెబితే ఎదుటివాళ్లు మనల్ని వినే తీరే మారుతుంది. నేను స్వయంగా చూశాను.

జగిత్యాల_అన్న
సరే, ఈ వేల వరకైతే నేర్చుకుంటా. ఈ వారం సంది మొదలుపెడుతున్న.

కోనసీమ_అమ్మాయి
మూడు వారాల తర్వాత (ష్లోషా షవూఓత్!) మళ్లీ వచ్చాను. మీరందరూ చెప్పినట్టే చేశాను. ఫ్రిజ్ మీద లిస్టులు తీసేసి ఇంట్లో వస్తువుల మీద చిన్న చీటీలు అంటించాను, తెలుగు అక్షరాల్లోనే. గుడ్ల ట్రే మీద "ష్తే బెయిత్సిమ్", కుర్చీ వీపు మీద "ష్నే కిస్‌ఓత్", మందుల డబ్బా మూత మీద "ష్నే కదూరిమ్", చుక్కల సీసా మీద "ష్తే తిపోత్". సవ్తా ఆ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని వేలితో రాసి చూసింది. ఒక్కో చీటీ ఏం చెబుతుందో నన్ను చదివించుకుంది, కుర్చీది నేను ‘ష్తే’ అని రాస్తే పెన్ను తీసుకుని కొట్టేయించి ‘ష్నే’ అని మళ్లీ రాయించింది.

పొద్దున్న మందుల దగ్గర ఇప్పుడు తప్పు రావడం లేదు. ఏడు, ఎనిమిది అంకెల దగ్గర ఇంకా ఆగుతున్నాను, ష్మోనె, ష్మోనా రెండూ ఒకేలా వినపడతాయి నాకు.

నిన్న రాత్రి పడుకోబెట్టేటప్పుడు ఇంట్లో పిల్లలు ఎంతమంది అని అడిగింది. ఇదివరకు అడిగినప్పుడు వేళ్లు చూపించేదాన్ని. నిన్న "ష్తే బనోత్ వె-బెన్ ఎఖాద్" అన్నాను, ఇద్దరు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. ఎక్కడా ఆలోచించలేదు, అదే వచ్చేసింది. ఆవిడ ఏమీ దిద్దలేదు. కాసేపు ఆగి వాళ్ల పేర్లు అడిగింది, మూడు పేర్లూ రెండేసి సార్లు పలికించుకుని, లైటు తీసెయ్యమంది.